ఊదని ఈల

ఈల మోగింది. మళ్ళీ నిచ్చెన మీదే.

"నేను ముట్టుకోనే లేదు సార్!" నిచ్చెన రెండు చేతులూ పైకెత్తాడు.

కింద బొంగరం మోకాలు పట్టుకుని దొర్లుతున్నాడు.

నిచ్చెనది అచ్చాఫీసు ఫుట్‌బాల్ జట్టు. ఆరడుగులు దాటిన మనిషి. బొంగరానిది బేకరీ జట్టు. నిచ్చెన భుజానికి కూడా అందడు. గాలి తగిలినా గిరగిరా తిరిగి పడతాడని ఆ పేరు.

రిఫరీ జేబులోంచి పసుపు కార్డు తీశాడు.

వారమంతా ఆయన దర్జీ. టేపు తీయకుండానే మనిషి కొలత చెప్పేస్తాడు. అంత ఒళ్ళు పక్కన ఇంత ఒళ్ళు పడి ఉంటే, తోసిందెవరో వేరే చూడాలా?

"కళ్ళు కొట్లో పెట్టి తాళం వేసొచ్చావా నాయనా? ఆ పొట్టోడు తనంతట తనే పడ్డాడు!"

గీత పక్కన కట్టిన తాడు వెనక, గొడుగు వేసుకున్న ఒకావిడ. ఆట మొదలైనప్పటినుంచీ ఇదే వరస.

రిఫరీకి ఒళ్ళు మండింది.

"కొడుకంటే ప్రేమ ఉండొచ్చమ్మా. మరీ ఇంతా?"

"ప్రేమ లేకపోతే ఈ ఎండలో గొంతు చించుకోవడానికి నాకేం పట్టింది?"

జనం గొల్లున నవ్వారు.

"బయటికి నడవండి," అన్నాడు గేటు చూపించి.

ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. కాసేపటికి గోడ మీదుగా గొడుగు లేచింది. దాని కింద ఆవిడ తల. అవతల ఏం ఎక్కి నిలబడిందో!

ఇంకో కార్డు చూపిస్తే నిచ్చెన ఆటలోంచి పోవాలి. పోతే వచ్చే ఏడు జట్టులో చోటుండదు. పాపం, బంతి దగ్గరికి వెళ్ళాలంటేనే జంకుతున్నాడు.

ఆట ముగింపుకొచ్చింది. ఎవరికీ గోలు లేదు.

బొంగరం బంతితో గోలు ముందుకి దూసుకొచ్చాడు. నిచ్చెన అడ్డం వచ్చాడు. బొంగరం గిరగిరా తిరిగి పడ్డాడు.

రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"ఓ దర్జీ! మనిషి పొడుగు కాదు, కాళ్ళు చూడు!" గోడ మీదనుంచి కేక.

చూశాడు. ఇద్దరి కాళ్ళ మధ్య మరో మనిషి పట్టేంత ఖాళీ.

ఈల మోగలేదు.

నిచ్చెన ఒక్క క్షణం నమ్మలేకపోయాడు. తర్వాత తన్నాడు చూడండి, బంతి మైదానమంతా దాటి అచ్చాఫీసు ఆటగాడి ముందు పడింది. అతను తలతో పొడిచాడు. గోలు!

ఆట అయిపోయింది. నిచ్చెనను ఎత్తుకోబోయిన నలుగురూ అతనితో సహా కూలబడి నవ్వుతున్నారు.

రిఫరీ గేటు దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ లోపలికి వస్తోంది.

"తప్పయిపోయిందమ్మా. మీవాడు కదిలితే చాలు, ఈల ఊదేశాను. ఎందుకో నాకే తెలీదు. రండి, కప్పు మీ చేత్తోనే ఇప్పిస్తాను."

"నా చేత్తో దేనికి నాయనా? ఆ పొడుగబ్బాయి పేరు కూడా నాకు తెలీదు."

ఆవిడ గెలిచినవాళ్ళను దాటుకుని నేరుగా బొంగరం దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పట్టి లేపి, చొక్కాకి అంటిన మట్టి దులిపింది.

"లే, దొంగసచ్చినోడా. ఇంట్లో గిన్నెలు కడగమన్నా ఇదే పడటం!"

"సొంత కొడుకు మీద ఎవరైనా అలా అరుస్తారా అమ్మా?" అన్నాడు బొంగరం, నవ్వాపుకోలేక ఆవిడ భుజం మీద వాలిపోతూ.