తెల్లబడే తెర

బ్లడ్ బ్యాంకుకి కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు మొదటి రోజే కంప్యూటర్ ఆపరేటర్ మీద కారాలు మిరియాలు నూరాడు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. వెనక ఒకడు నిలబడితేనే ముందున్నవాడు పని చేస్తాడని. అందుకే కుర్చీలో కుదురుగా కూర్చోడు. చేతులు వెనక్కి కట్టుకుని హాలంతా కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ, ఏ వీపు కనబడితే ఆ వీపుకి ఓ పని పురమాయిస్తాడు. మధ్యాహ్నం కాకముందే సిబ్బంది ఆయనకి 'వీపుల సారు' అని పేరు పెట్టేశారు.

అలా తిరుగుతూ ఆపరేటర్ వెనక్కి వచ్చేసరికి, నల్లగా ఉన్న కంప్యూటర్ తెర కాస్తా భగ్గున తెల్లబడింది.

"ఏమిటా మంట?" అన్నాడు.

జవాబు లేదు. ఆవిడ చేతిలో రక్తం సీసా మీది చీటీ ఇంకోసారి చూసుకుని, ఏదో దిద్ది, నిమ్మకి నీరెత్తినట్టు తన పని తాను చేసుకుపోతోంది.

ఆయన చుట్టూ తిరిగి ముందుకొచ్చి బల్ల మీద ఒక్కటిచ్చాడు. అప్పుడు తలెత్తింది.

"ఆ తెర ఎందుకలా తెల్లబడింది?"

"నేను రాసుకున్నదే సార్. ప్రతి సీసాకీ గ్రూపు రెండుసార్లు కొడతాను. చీటీ చూసి ఒకసారి, పరీక్ష ఫలితం చూసి ఒకసారి. రెండూ కలవకపోతే తెర తెల్లబడుతుంది. నా కళ్లు సీసా మీదుంటాయి కదా, ఓరకంటికైనా తెలియాలి. తెర తెల్లబరిచే పని డేటాబేస్ ప్రోగ్రాంకే అప్పజెబితే, ఒక్కో గీతా నింపుకుంటూ తెల్లారుస్తుంది. అందుకే మెషీన్ భాషలో చిన్న ముక్క రాసి మెమరీలో ఓ మూల పెట్టాను. ప్రోగ్రాం దాన్ని పిలుస్తుంది, రెప్పపాటులో తెల్లబడుతుంది."

చెప్తున్నంతసేపూ గొంతు తగ్గించలేదు. చూపు దించలేదు. రెప్ప వెయ్యకుండా ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. పై అధికారిని అలా చూసే మనిషి ఆయనకి తన సర్వీసులో తగల్లేదు.

ప్రోగ్రాం చూపించమన్నాడు. తెర ఆయన వైపు తిప్పి చూపించింది. వరసగా అంకెలు. అవి మనిషి చదివేవి కావు, యంత్రం చదివేవి. ఇంకాస్త కింద, వాటిని పిలిచే లైను ఒకటి. తనకి అర్థం కానిదేదీ తన ఆఫీసులో ఉండకూడదన్నది ఆయన రెండో సిద్ధాంతం.

"కంపెనీవాళ్ల ప్రోగ్రాంలో మనం వేలు పెడితే, రేపు మిషను మొరాయించినప్పుడు వాళ్లు రారు. తీసెయ్."

"తీయను సార్."

ఆ మాట హాలంతా వినబడింది. ల్యాబ్‌లో పెద్దాయన చేతిలో గాజుగొట్టం అలాగే ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"తీయనన్నాను. అది లేకుండా నేనీ కుర్చీలో పని చెయ్యలేను. తప్పు సీసా ఒక్కటి బయటికి పోయిందంటే, ఎవరి ప్రాణమో పోయినట్టే."

ఎందుకు చెయ్యలేవని అడగొచ్చు. అడగడం ఆయన సిద్ధాంతాల్లో లేదు.

"తప్పు పడితే ప్రోగ్రాం ఎలాగూ కుయ్యిమంటుంది. అందరూ దాంతోనే నెట్టుకొస్తుంటే, నీకొక్కదానికే బాణాసంచా కావాల్సొచ్చిందా?" అంటూ కిటికీ వైపు నడిచాడు.

దానికి ఆవిడ ఉలకలేదు, పలకలేదు. ఇంకో సీసా అందుకుంది. ఆయనకి పుండు మీద కారం చల్లినట్టయింది.

కాసేపటికి ల్యాబ్ పెద్దాయన సూపరింటెండెంటు గదిలోకొచ్చాడు.

"సార్, మీరోసారి ఆవిడకి ఎదురుగా కూర్చుని మాట్లాడితే..."

"అంటే, బతిమాలుకోమంటావా?"

"అది కాదు సార్, ఆవిడకి..."

"వెళ్లి నీ గొట్టాలు చూసుకో!"

పెద్దాయన వెళ్లిపోయాడు.

ఆవిడ భోజనానికి లేచిన వేళ చూసి, సూపరింటెండెంటు స్వయంగా మిషను ముందు కూర్చున్నాడు. అంకెల జోలికి పోలేదు. పిలిచే లైను ఒక్కటీ చెరిపేశాడు. పిలిచేవాడే లేకపోతే పలికేవాడెవడని తనలో తను మురిసిపోయాడు.

ఆవిడ వచ్చి సీసాలు మొదలుపెట్టింది. ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు.

కుయ్యిమంది. ఆవిడ ఆగలేదు. ఆ సీసాని మంచి సీసాల ట్రేలో పెట్టి, తర్వాతది అందుకుంది. కాసేపటికి మళ్లీ కుయ్యిమంది. మళ్లీ ఆగలేదు.

ఆయన ఒళ్లు భగ్గుమంది. తన మీద కక్షతో రోగుల ప్రాణాలతో చెలగాటమా!

ఇంతలో ఆవిడ చేతులు ఆగాయి. తెర ఒక్కసారీ తెల్లబడలేదేమిటని అనుమానం వచ్చిందేమో, ప్రోగ్రాం తెరిచి చూసింది. మొహం కందగడ్డలా అయింది. ట్రేలో సీసాలన్నీ తన వైపుకి లాక్కుంది. చెరిపేసిన లైను మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

"ముట్టుకోకు!" అని అరిచాడాయన.

టకటకా కొడుతూనే ఉంది.

"నీకే చెప్తున్నా! ఇంకొక్క అక్షరం కొట్టావంటే రేపట్నించి ఈ గుమ్మం తొక్కనివ్వను!"

లైను పూర్తి చేసింది. మొదటి సీసా నుంచి మళ్లీ అందుకుంది. పక్కన పెట్టాల్సిన సీసా రాగానే తెర భగ్గున తెల్లబడింది. అది మళ్లీ నల్లబడ్డాక, ఆ గాజులో తన వెనక నోరంతా తెరిచి నిలబడ్డ ఆయన నీడ కనబడింది. కుర్చీ తిప్పింది. ఆ చూపులో భయం మచ్చుకైనా లేదు.

"ఈ లైను మీరు ఎన్నిసార్లు చెరిపితే అన్నిసార్లు రాస్తాను," అంది. "ఇక ఏం చెప్పాలన్నా ఇలా ముందుకొచ్చి చెప్పండి సార్, పెదాలు కనబడితే మీ మాట చదువుకుంటాను గానీ, మీ కేకైనా ఈ మిషను కూతైనా నాకు వినబడి ఏళ్లయింది."