మగవార్డు వాల్వు

“ముల్లు ఇంకా దిగుతా ఉంది సార్,” అన్నాడు వెంకయ్య.

హరినాథ్ గేజి అద్దాన్ని చేత్తో తుడిచాడు. సిలిండర్ల గది రేకుల మీద వాన హోరెత్తుతోంది. ఆక్సిజన్ ప్రెషర్ చూపే ముల్లు ఎర్రగీతకు దగ్గరపడింది. ఆ తీరంలో ఉన్నది ఆ ఒక్క ఆస్పత్రే. అందులో కరెంటు, నీళ్లు, లిఫ్టు, ఆక్సిజన్ అన్నీ చూసే ఇంజినీరు హరినాథ్. తుపాను మొదలైనప్పటి నుంచి హెల్పర్ వెంకయ్యా అతనూ ఇంటిమొహం చూడలేదు. జనరేటర్‌ను నీళ్లలో మునగకుండా కాపాడుకున్నారు. ఆక్సిజన్ లారీ మాత్రం అల్లూరు దగ్గర ఆగిపోయింది.

డ్రైవర్ మాథ్యూకి మళ్లీ ఫోన్ చేశాడు.

“రోడ్డు మీద నడుముల్లోతు నీళ్లు సార్. తగ్గతా ఉన్నాయిలే గానీ, ఎప్పటికి చేరతానో చెప్పలేను.”

ఫోన్ పెట్టేసేసరికి పిల్లల డాక్టర్ ప్రేమలీల తడుస్తూ లోపలికి వచ్చింది. మిగతా డాక్టర్లు దారిలేక రాలేకపోవడంతో ఆ రోజు ఆస్పత్రి భారమంతా ఆమెదే.

“వెంటిలేటర్లు అరుస్తున్నాయి హరినాథ్ గారూ. ప్రెషర్ ఇంకొంచెం పడిపోతే ఆగిపోతాయి. ముగ్గురూ నెలలు నిండని పిల్లలు.”

“ఉన్న ఆక్సిజన్ పిల్లల వార్డు, మగవార్డు రెండు లైన్లకూ చాలదు మేడమ్. మగవార్డు వాల్వు మూసేస్తే పిల్లలకు లారీ వచ్చేదాకా సరిపోతుంది. రెండూ తెరిచి ఉంచితే కాసేపటికి రెండింటికీ ఉండదు.”

ప్రేమలీల గోడకు చేరగిలబడింది.

“మగవార్డులో మిగతావాళ్లకు చిన్న సిలిండర్లు సర్దగలను. కిటికీ పక్క మంచం పెద్దాయనే... పొద్దున వాకాడు వైపు నుంచి తెచ్చారు. ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. ఆయన ఒక్కరికే పిల్లలందరికీ కలిపి కావలసినదానికంటే ఎక్కువ పోతోంది.”

“చిన్న సిలిండర్ పెడితే?”

“ఆయనకు అది ఎంతోసేపు రాదు. గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషను ఒకటుంది. అదీ చాలదు.” ఆమె గొంతు తగ్గింది. “మూసెయ్యండి. చెప్తున్నది నేను. మీ మనసు మీద పెట్టుకోకండి.”

“ఒకసారి పైకి పోయి వస్తాను మేడమ్.”

“మీరెందుకు? వాళ్లకు నేను చెప్తాను.”

“మూసేది నేను కదా,” అన్నాడు హరినాథ్.

మగవార్డు వాల్వు గుమ్మం పక్క గోడలో, అద్దం తలుపు వెనక ఉంది. దానికి వీపు ఆనించి పెద్దాయన చిన్నకొడుకు పెంచల్ నిలబడి ఉన్నాడు. సిస్టర్ క్యాథరిన్ అప్పటికే విషయం చెప్పినట్టుంది. అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఆపబాకన్నా.”

“పక్కకు రా.”

“నీ చేత్తో ఎట్లా ఆపుతావన్నా? నాయన పానం ఆ గొట్టంలో ఉండాది.”

“కింద పసిబిడ్డలు ఉండారు.”

“వాళ్లెవరో నాకు తెలీదు. నాకు తెలిసింది నాయన.”

కిటికీ పక్క మంచం మీద నుంచి పెద్దాయన చెయ్యెత్తాడు, రమ్మన్నట్టు. హరినాథ్ వెళ్లి వంగాడు. ముసలాయన ముఖం మీది మాస్కు కాస్త పక్కకు జరిపాడు.

“ఏంది నాయనా గొడవ?”

అబద్ధం చెప్పాలనిపించింది హరినాథ్‌కు. నోరు రాలేదు.

“గాలి తక్కువుండాది. కింద నెలలు నిండని బిడ్డలుండారు. ఈ లైను మూస్తేనే వాళ్లకు అందేది.”

పెద్దాయన కాసేపు కిటికీలోంచి వాన వైపు చూశాడు. జీవితమంతా వరిచేలో గడిపిన మనిషి. ఒక్కో మాటకీ మధ్య రొప్పుతూ అన్నాడు.

“మోటారు ఒకటే ఉన్నప్పుడు... ముందు నారుమడికే కదా... నీళ్లు పెట్టేది. పో నాయనా. పోయి కట్టెయ్.”

హరినాథ్ మాస్కును మళ్లీ సరిగా పెట్టాడు. దాని తాడు చెవికి ఒరుసుకోకుండా వేలితో సర్దాడు. మిషను తెప్పించి తనే గొట్టం తగిలించాడు, అది తిరుగుతోందని రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చి అద్దం తలుపు తెరిచాడు.

పెంచల్ అతని మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరికి పట్టు దానంతటదే సడలింది.

“ఈ పాపం నీకేనన్నా.”

“నాకే,” అని హరినాథ్ పిడి తిప్పాడు.

కిందికి వచ్చేసరికి ముల్లు నిలబడింది. పిల్లల వార్డులో మిషన్ల అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. హరినాథ్ పైకి వెళ్లలేదు. గేజి ముందే నిలబడి, మధ్యమధ్య మాథ్యూకి ఫోన్ చేస్తూ గడిపాడు. ఒక్కోసారి అవతలివాడు ఎత్తకముందే పెట్టేశాడు.

ఇంకా వెలుతురు ఉండగానే లారీ బురద చిమ్ముకుంటూ గేట్లోకి వచ్చింది. మనుషుల కోసం ఆగకుండా హరినాథే మొదటి సిలిండర్ దింపాడు. బిగించాడు. ముల్లు పైకి లేచీ లేవకముందే మెట్ల వైపు పరుగెత్తాడు.

మెట్ల మలుపులో ప్రేమలీల ఎదురైంది.

“పిల్లలు ముగ్గురూ బాగున్నారు,” అంది. “పెద్దాయన పోయారు హరినాథ్ గారూ. ఇందాకనే.”

హరినాథ్ మెట్ల కమ్మీ పట్టుకున్నాడు.

“చిన్నబ్బాయి ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ఏమడిగినా పలకడం లేదు. పెద్దకొడుకు కూడా ఉన్నాడని పొద్దున చేర్పించేటప్పుడు చెప్పారట. అతనికి కబురు చెయ్యాలి. ఎక్కడున్నాడో, ఈ తుపానులో ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.”

“నేనే మేడమ్,” అన్నాడు హరినాథ్.