ఇంటి దగ్గర కూత

"ముందు బొగ్గు వెయ్యి, ఎమ్రిస్. మా ఆయనకసలే చలెక్కువ," అంది మెవన్విన్ ఇంజను డ్రైవరుతో, భర్త చితాభస్మం ఉన్న డబ్బాని ఒళ్లో సర్దుకుంటూ.

ముప్పై ఏళ్లు పైసా జీతం లేకుండా, కేవలం మోజుతో నడిపిన ఈ పాత ఆవిరి ఇంజను పొయ్యిలోనే తనని కలిపేయమన్నాడు ఆమె భర్త ఇడ్వాల్. ప్రతి ఆదివారం మొగుణ్ణి లాక్కుపోయిన ఈ సవతిని ఆమె ఎక్కడం ఇదే మొదటిసారి.

వంపు తిరగగానే ఆమె ఇంటి పెరడు కనిపించింది. రైలు కూత వేయకుండానే సాగిపోతోంది.

"కూత వెయ్యవేం? ఇక్కడ కూత వేసి ఒక్క ఆదివారమైనా కునుకు తీయనిచ్చాడా మహానుభావుడు! అడిగితే రూలనేవాడు."

ఎమ్రిస్ తెల్లబోయాడు. "ఇక్కడ రూలేం లేదు, మెవన్విన్. రైలు గేటు లేదు, పట్టాలు దాటే దారి లేదు. మీ ఇల్లొక్కటే ఉంది."

ఆమె డబ్బాని గుండెకి హత్తుకుంది.

"ఆ కూత తాడు నా చేతికియ్యి. ఈసారి ఆయన వినాలి."