గోడకు తెలిసిన సంగతి

కొలంబోలో అద్దె గదులన్నీ మాటలు వింటాయి. కాపురస్తుల దగ్గర డబ్బు ఆడుతోందని అనుమానమొస్తే చాలు, అద్దె పెంచేస్తాయి. సిక్కోలు నుంచి పనికొచ్చిన దాలమ్మకు తమ గది గోడంటే ఏ కోశానా నమ్మకం లేదు. అందుకే మొగుడు తవిటయ్యకు జీతం పడినప్పుడల్లా గంజి కాచి, బతుకు బుగ్గయిపోయిందని గోడకు వినబడేలా శోకాలు పెట్టేది. మర్నాడు మాత్రం నోరు కట్టుకోలేక చేపల పులుసు పెట్టేది. గోడ వింటుందే గానీ వాసన చూడదని ఆమె ధీమా.

ఆవేళ తవిటయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు.

"పని పోనాదే దాలీ! మా అందర్నీ తీసీసి, మరమనుషుల్ని పెట్టీసినారు."

దాలమ్మ ఈసారి నిజంగానే గుండెలు బాదుకుని ఏడ్చింది.

గోడ మెల్లగా పలికింది.

"ఇలా ఏడ్చిన మర్నాడల్లా చేపల పులుసే కదమ్మా! అద్దె పెంచాను."