పచ్చ చుక్క

"కదిలినాదా బాబూ?"

"కదిలిందక్కా. నువ్వే చూడు."

మోహనకృష్ణ తన ఫోను ఈశ్వరి ముఖానికి ఆనించినంత పని చేశాడు. ఒక పక్క నీలం, ఒక పక్క తెలుపు. నీలం సముద్రమట, తెలుపు నేలట. రెంటికీ నడుమ గీత పట్టుకుని ఒక పచ్చ చుక్క, గోడవారగా నడిచే కొత్తకోడలిలా దక్షిణానికి జరుగుతోంది. ఆ చుక్కే ఈశ్వరి మొగుడు సూరయ్య. పడవలో తోడుగా మరిది వినోద్.

చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని ప్రభుత్వం సముద్రానికి రెండు నెలలు తాళం వేసింది. వేట లేని రోజులకు ఇస్తామన్న భృతి ఇంకా దారిలోనే ఉంది. తాళం తీశారని తెలియగానే ఈ ఉదయం ఊళ్లో పడవలన్నీ నీళ్ల మీద పడ్డాయి. అవన్నీ వెళ్లాక, తీరిగ్గా, తుపాను కబురు వచ్చింది. మధ్యాహ్నానికి ఒక్కొక్కటే తిరిగొచ్చేశాయి, సూరయ్య పడవ తప్ప. ఫోను చేస్తే అంత లోతులో సిగ్నల్ అందదు.

అయినా భయం లేదన్నాడు మోహనకృష్ణ. అతను ఊరి సచివాలయంలో మత్స్యశాఖ సహాయకుడు. పడవకొకటి చొప్పున ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన పెట్టెలను పోయిన వారమే తన చేత్తో పంచాడు. పడవ ఎక్కడుందో పెట్టె ఆకాశానికి చెబుతుంది, ఆకాశం అతని ఫోనుకు చెబుతుంది. మధ్యలో సూరయ్య నోరు విప్పాల్సిన పనే లేదు. ఇంట్లో కూడా నోరు విప్పని మనిషికి ఇంతకంటే సుఖం ఏముంటుందని ఈశ్వరి ఆ రోజు నవ్వుకుంది కూడా.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. సచివాలయం అరుగు మీద ఊరు సగం ఉంది. అందరి కళ్లూ ఆ అరచేతంత అద్దం మీదే.

"నాను సూసినప్పుడు ఆడు తూరుపుకి, లోతుకి పోతన్నాడు గదరా," అన్నాడు జగన్నాధం. పొద్దున్న సూరయ్యకు దగ్గర్లోనే వల వేసినవాడు. "ఉత్తరాన ఒడ్డు కాడికి ఎలగొచ్చీసినాడు?"

"గాలి తోసేసింది మావా. ఇందాకటి దాకా అక్కడే ఆగి ఉన్నాడు, ఇప్పుడు బయల్దేరాడు. తెలివైనోడు, ఒడ్డు వదలకుండా వస్తున్నాడు."

జగన్నాధం సముద్రం వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. ఫోనుతో వాదన పెట్టుకునే అలవాటు లేక ఊరుకున్నాడు.

చుక్క ఆగింది. ఈశ్వరి గుండె దానితో పాటు ఆగింది.

"ఇంజను వేడెక్కుంటుందక్కా. చల్లారనిస్తున్నాడు."

కదిలింది. కాస్త దూరం వచ్చి మళ్లీ ఆగింది. మళ్లీ కదిలింది.

"ఊరూరా ఆగి సుట్టరికాలు సేస్తన్నాడేటే నీ మొగుడు?" అంది పక్కింటి నీలవేణి. నలుగురూ నవ్వారు. "మీ అత్త ఉంటే ఈపాటికి సముద్రాన్నే తిట్టీసును."

"ఆయమ్మ నిన్ననే మా ఆడబడుచు ఊరెళ్లినాది. మంచిదే అయినాది. ఇద్దరు కొడుకులూ నీళ్ల మీదున్నారంటే ఇక్కడే పడిపోయీది." ఈశ్వరి మళ్లీ ఫోను మీదకు వంగింది. "బాబూ, సుక్క తెలుపులోకి ఎక్కీసినట్టున్నాది?"

"అటూ ఇటూ కొంచెం తేడా చూపిస్తుందక్కా. మిషను కదా."

ఇంతలో ఆ ఫోనే మోగింది. చుక్క మాయమైంది. మోహనకృష్ణ లేచి నిలబడి "సార్, సార్" అంటూ విన్నాడు. తర్వాత ఫోను మీద అరచెయ్యి అడ్డుపెట్టి ఈశ్వరి వైపు తిరిగాడు.

"గాలింపు పడవ సిద్ధంగా ఉందట. పంపితే ఇప్పుడే పంపాలట. ఇంకాస్త ఆగితే ఈ కెరటాల్లో వాళ్లూ బయటికి రాలేరట. ఏం చెప్పమంటావక్కా?"

ఈశ్వరి సముద్రాన్ని చూసింది. రంగు మారిపోయి, బురదనీళ్లలా పొర్లుతోంది.

"ఆళ్లకీ పెళ్లాం పిల్లలుంటారు గదా బాబూ," అంది చివరికి. "మా ఓళ్లు వచ్చీస్తన్నారు. ఈ గాలిలో ఆళ్లెందుకు? ఒద్దని సెప్పీ."

"అవసరం లేదు సార్," అని చెప్పేశాడు మోహనకృష్ణ.

ఫోను పెట్టేసరికి చుక్క ఎంతో దగ్గరకు వచ్చేసింది. "మన రేవుకే తిరిగాడు!" అని అరిచాడతను. పడవను పైకి లాగడానికి మోకులు భుజాన వేసుకుని మగవాళ్లు పరుగెత్తారు. వెనకాలే ఈశ్వరి. మొగుణ్ని తిట్టాల్సిన తిట్లన్నీ దారిలోనే వరస పెట్టుకుంది.

ఒడ్డున వాన మొదలైంది. కెరటం మీద కెరటం విరిగిపడుతోంది. పడవ మాత్రం లేదు.

"ఏడిరా ఆడు?" అన్నాడు జగన్నాధం.

మోహనకృష్ణ తడిసిన ఫోను చొక్కాకు తుడిచి చూశాడు. గుండ్రంగా తిరిగి నాలుగు వైపులా చూశాడు. "ఇక్కడే మావా. మన దగ్గరే ఉన్నాడు."

వెనక రోడ్డు మీద సర్వీసు ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఈశ్వరి అత్త దిగింది. నుదుట రూపాయి కాసంత కుంకుమ, చంకలో పసిపిల్లలా పొదువుకున్న గుడ్డ మూట.

"ఏటే, వానలో అందరూ ఇక్కడున్నారు? గాలికి బయపడ్డావేటి?" కోడలి దగ్గరకొచ్చి నవ్వుతూ మూట ముడి విప్పసాగింది. "ఇంక నా కొడుకులకి ఏ బయమూ నేదే."

ఈశ్వరి చూపు ఆ మూట మీద పడింది.

"ఆళ్ల పడవ పెట్టిని అమ్మోరికి సూపించి తెచ్చినాను."