అడ్డంగా ఊపితే అవును

"పైకి కదిలి చావవే!"

నెవెనా అరుపుకి కింది ఇంట్లోంచి హీటరు గొట్టం మీద గరిటెతో కొట్టిన చప్పుడు వచ్చింది. పెనా పిన్ని. నెవెనా స్క్రూడ్రైవరు తిరగేసి అదే గొట్టాన్ని అంతకంటే గట్టిగా కొట్టింది.

వంటింటి బల్ల మీద అగ్గిపెట్టెంత కంప్యూటరు బోర్డు ఉంది. దాన్నుంచి ఒక తీగ పాత టీవీకి, ఇంకో తీగ మౌసుకి. మౌసు మాత్రం బల్ల మీద లేదు. లూబెన్ చక్రాల కుర్చీలో తల ఆనించే చోట, అతని ఉన్ని టోపీని తాకేట్టు టేపుతో బిగించి ఉంది. దాని తోక పొట్టి. నిలువుగా కడితే బల్లదాకా అందలేదు. విసుక్కుంటూ అడ్డంగా కిటికీ వైపు తిప్పి కట్టింది, అందింది.

కిందటి చలికాలం పక్షవాతం వచ్చాక లూబెన్‌కి మాట పోయింది, చేతులు పోయాయి. మిగిలింది తల ఒక్కటే. అదీ కంటికి ఆననంత కదులుతుంది. ఆ కాస్త కదలికనీ మౌసు పట్టుకుని తెర మీద జానెడు చేసి చూపిస్తుంది. నెవెనా తెరకి కుడి ఎడమ అంచుల్లో 'అవును' అనీ, పైనా కిందా 'కాదు' అనీ రాసి పెట్టింది. వాళ్ళ దేశంలో అందరూ తల ఊపేది అలాగే. అవునంటే అడ్డంగా, కాదంటే నిలువుగా.

తెర మీద బాణం అడ్డంగా బాగానే పోతోంది. నిలువుగా చచ్చినా కదలదు. మౌసు పంపే అంకెల్లో అడ్డానికొకటి, నిలువుకొకటి. ఆ రెండోది ఎక్కడ జారిపోతోందో అంతు చిక్కడం లేదు.

"పెళ్లయినప్పటి నుంచీ ఇల్లంతా తీగలే పరిచావు. ఒక్కరోజు నేర్పావా? 'నీకెందుకు, వెళ్లి టీ పెట్టు' అన్నావు. ఇప్పుడు చూడు, టీ పెట్టినదాని చేతిలోనే పడ్డావు!"

లూబెన్ టీవీ వంక చూస్తున్నాడు.

"చెప్పు, నేను గయ్యాళినా?"

బాణం కదల్లేదు.

"బతికిపోయావు. బోటి చారు పెట్టాను, తాగుతావా?"

బాణం రయ్యిన 'అవును' మీదికి పోయింది. అంత కోపంలోనూ నెవెనా తెల్లబోయింది. ఆ చారు వాసన తగిలితే మంచులో కూడా కిటికీ తెరిచి పెట్టే మనిషి!

"ఇన్నాళ్లకి నాలుక్కి బుద్ధొచ్చింది," అంది.

సాయంత్రం దోన్కా వస్తోంది. లూబెన్ అక్క. సముద్రం ఒడ్డున ఉన్న వర్నా నుంచి కారేసుకుని, తమ్ముణ్ణి తీసుకుపోవడానికి. 'వాడికి తెలివే లేదు, నువ్వు ఊరికే అరుస్తున్నావు' అని ఫోన్లో తెగేసింది. ఇక్కడే ఉంటానని వాడి అంతట వాడు చెబితే మాత్రం ఒట్టి చేతుల్తో వెళ్లిపోతానంది.

తలుపు తోసుకుని పెనా పిన్ని వచ్చింది.

"ఏమిటే, పొద్దుటి నుంచీ ఎలుకని తిడుతున్నావు? మా పిల్లిని పంపనా?"

నెవెనా పళ్లు కొరుకుతూ సంగతి చెప్పింది. పిన్ని బాణాన్నీ లూబెన్‌నీ మార్చి మార్చి చూసింది.

"అయితే ఈయన అవును తప్ప ఇంకోమాట అనలేడా? అలాంటి మొగుణ్ణి బాగుచేసుకునే పిచ్చిది ఎవతే! అలాగే ఉండనీ."

"నవ్వు పిన్నీ, నవ్వు. నా కొంప పోతోంది."

దోన్కా రానే వచ్చింది. గుమ్మం దగ్గర బూట్లయినా విప్పలేదు.

"వాడి తలకి ఏం కట్టావే? బొమ్మనుకున్నావా నా తమ్ముణ్ణి?"

"తలకి కాదు వదినా, కుర్చీకి. అన్నీ తెలుస్తున్నాయి ఆయనకి. అడుగు."

"అడుగుతా. ముందు నేనే అడుగుతా."

నెవెనా తెర వంక చూసింది. అవును తప్ప అనలేని యంత్రం. ఆ మాట చెప్పాల్సింది. చెబితే ఈవిడ యంత్రాన్నే నమ్మదు. నోరు నొక్కుకుంది.

దోన్కా కుర్చీ ముందు కూలబడి తమ్ముడి చేతులు పట్టుకుంది.

"లూబో, నాతో వస్తావట్రా? కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది."

బాణం కదల్లేదు. దోన్కా మళ్ళీ అడిగింది. ఊహూఁ, మేకు కొట్టినట్టు అక్కడే ఉంది.

"చూశావా, వీడికేం తెలీదు," అంది ఏడుపు గొంతుతో.

"ఆగు, నన్ను అడగనీ. లూబో, ఇక్కడే ఉంటావా? నా దగ్గరే?"

బాణం ఎగిరి కుడి అంచుకి కొట్టుకుంది. అక్కణ్ణుంచి ఎడమకి. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. పొద్దుటి నుంచీ అది అంత జోరుగా ఒక్కసారీ ఊగలేదు.

దోన్కా లేచి నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది.

"సముద్రం చేదైందట్రా నీకు? ఉండు, దీని తిట్లు తింటూ ఇక్కడే ఉండు!"

తలుపు దబాలున పడింది. కింద కారు కదిలిన చప్పుడు వినిపించేదాకా నెవెనా తలుపు పట్టుకునే నిలబడింది.

తర్వాత కళ్ళు తుడుచుకుంటూ చారు వేడి చేసింది. వెల్లుల్లి దంచి వేసింది. ఒక్కో చెంచా పట్టిస్తూ మళ్ళీ మొదలుపెట్టింది.

"మీ అక్క ముందు పరువు నిలబెట్టావు, సరే. మింగు మరి! పసిపిల్లాడిలా అంతా బయటికి కార్చేస్తావేం?"

మూతి తుడుద్దామని నెవెనా అతని గడ్డం పట్టుకుని తల నిలువుగా పైకెత్తింది, తెర మీద బాణం అడ్డంగా పరిగెత్తి 'అవును' మీద వాలింది.