అలిగిన మాస్టారు

“అమ్మా, నాన్న నీ పక్కన కూర్చోడట. పైకెళ్ళి కూర్చుంటాడట,” అని కబురు మోసుకొచ్చింది ఆరేళ్ళ చిన్నది.

“కూర్చోమను. ఎండకి మాడితే తెలుస్తుంది,” అంది వాళ్ళమ్మ.

పడవ చిన్నది. కింద రేకు నీడలో రెండు వరసల బల్లలు, వెనక నిచ్చెనెక్కితే పైకప్పు మీద ఒకే ఒక్క బల్ల. నీడన్నది లేని ఆ బల్ల మీద బుద్ధున్నవాడెవడూ కూర్చోడు. ఆయన కూర్చున్నాడు. మూతి ముడుచుకుని మరీ కూర్చున్నాడు.

పడవ నడిపే సరంగు తలా ఒక ఇత్తడి బిళ్ళ పంచాడు. తిరిగి ఎక్కేటప్పుడు దాన్ని ఇంజను పక్కన చెక్కకి తగిలించాలి, పదకొండు మేకులూ నిండితేనే పడవ కదులుతుందన్నాడు. కుటుంబానివి నాలుగూ ఆవిడే సంచిలో వేసుకుంది. నిన్న గది తాళం సముద్రంలో పారేసుకున్న మనిషికి ఇంకో వస్తువు ఇవ్వడం ఎందుకని.

“మనం వెళ్ళే ఇసుకతిన్నె మధ్యాహ్నం ఒంటిగంటకి పుడుతుంది, నాలుగింటికి మునుగుతుంది,” అని ఊరించాడు సరంగు.

“మునిగితే ఎలా?” అడిగాడు పదేళ్ళ పెద్దాడు.

“రేపు మళ్ళీ పుడుతుంది బాబూ.”

ఇంతకీ అలక ఎందుకంటే, ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టించిన చెయ్యి. అలాంటి మాస్టారి పెళ్ళాం మూడుసార్లు పరీక్ష తప్పింది. నాలుగోసారి, చెప్పాపెట్టకుండా ఎదురువీధి స్కూల్లో చేరి, దర్జాగా పాసైంది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరంతా నవ్వింది. ఆయన ఆ రోజునుంచి ఆవిడతో మాట్లాడలేదు. నలభై రోజులు. చూడలేక ఆయన చెల్లెలే ఈ ద్వీపానికి మూడు రోజులు తోలింది. చుట్టూ నీళ్ళుంటే ఎక్కడికీ పోలేరు, చచ్చినట్టు మాట్లాడుకుంటారు వదినా అంది. ఇవాళ్టికి రెండో రోజు. మాట్లాడుకుంటే ఒట్టు.

ఇట్లాగే ఇంటికెళితే ఈ మౌనం ఇక అలవాటైపోతుందని ఆవిడకి లోపల గుబులు. పైకి మాత్రం తగ్గదు.

తిన్నె మీద కూడా ఆయన ఆ చివరైతే ఆవిడ ఈ చివర. మధ్యలో చిన్నది తపాలా బంట్రోతు.

“నీ కొత్త మాస్టారు ఈత కూడా నేర్పుతాడా అని అడుగుతున్నాడు నాన్న.”

“నేర్పితే ముందు మీ నాన్ననే పంపిస్తానను. మోకాలి లోతు దాటడుగా.”

చిన్నది పరుగెత్తి చెప్పొచ్చింది. “నాన్న మూతి తిప్పుకున్నాడమ్మా. లేచి నడుస్తున్నాడు.”

“నడవనీ. ఒంటికి మంచిది.”

మూడున్నరకి వాన విరుచుకుపడింది. పక్క మనిషి కనిపించనంత వాన. సరంగు ఈలలు, జనం పరుగులు. ఆవిడ చిన్నదాన్ని చంకనేసుకుని, పెద్దాడి రెక్క పట్టుకుని పడవెక్కి, సంచిలోంచి నాలుగు బిళ్ళలూ తీసి గబగబా తగిలించి, తడిసిన పిల్లల తలలు తుడవడంలో పడింది. సరంగు చెక్కని చేత్తో తడిమి పదకొండూ లెక్కపెట్టాడు. ఇంజను తిప్పాడు.

“నాన్నేడి?” అంది చిన్నది.

“ఇంకెక్కడ? పైనే.”

“వాన పడుతోందిగా?”

“పంతం ముందు వానెంత? తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు మీ నాన్నకి.”

అలలు పెరిగాయి. ఒడ్డు చేరేదాకా నిచ్చెన ఎవరూ ఎక్కకూడదు, దిగకూడదు అని సరంగు గట్టిగా చెప్పాడు.

“నిచ్చెన కింద నిలబడి పిలు,” అని ఆవిడే కూతుర్ని పంపింది. “చలేస్తోందేమో అడుగు.”

చిన్నది గొంతు చించుకుని వచ్చింది. “పలకట్లేదమ్మా.”

“పలకడు. మొండిఘటం.”

అంది గానీ మనసు ఊరుకోలేదు. చినుకు పడితే చాలు తుమ్ములు మొదలయ్యే మనిషి. అరగంటగా కుండపోతలో నానుతున్నాడు. తన మీద కోపంతో నానుతున్నాడు. ఆవిడకి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. లేచి నిచ్చెన పట్టుకుంది.

“ఏమండీ,” అని పైకి కేకేసింది. నలభై రోజుల తర్వాత మొదటి పిలుపు. పడవలో అందరూ తిరిగి చూశారు. చూస్తే చూశారులే అనుకుంది. “తప్పు నాదే. మీకు చెప్పకుండా వెళ్ళాను. ఎందుకెళ్ళానో తెలుసా? మీ పక్కన కూర్చుంటే నాకు చేతులు వణికేవి. తప్పు చేస్తే మీ పరువు పోతుందని. అక్కడ నేను పాసైంది మీరు నేర్పిన దానితోనే. వాళ్ళు కొత్తగా నేర్పింది ఒక్క ముక్క లేదు. వింటున్నారా?”

ఇంజను చప్పుడు, వాన చప్పుడు. అంతే.

“విన్నాడంటావా?” అంది పెద్దాడితో కళ్ళు తుడుచుకుంటూ.

“ఇంత గట్టిగా చెప్తే వినకేం? ఏం మాట్లాడాలో తెలీక కూర్చునుంటాడు,” అన్నాడు వాడు పెద్దమనిషిలా.

అదీ నిజమే అనిపించింది. ఆవిడ గుండె తేలికపడింది. సంచిలోంచి ఇంకో పొడి తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. దిగగానే ముందు ఆయన తల తుడవాలి, ఏమన్నా పడాలి, రేపు ఒక రోజు మిగిలే ఉంది.

ఒడ్డు చేరేసరికి నాలుగున్నర. వాన వెలిసింది. సరంగు తాడు కట్టి, “ఇక ఎక్కొచ్చమ్మా, మీరే తీసుకురండి,” అన్నాడు నవ్వుతూ. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ, ఒక్కో మెట్టే ఎక్కింది.

పైన ఎవరూ లేరు.